కొత్త కొలువుకు తోడు ఎవరు?

కలెక్టరు కాబోయే ఐ.ఏ.ఎస్. ప్రొబేషనరును ప్రభుత్వం నేరుగా కుర్చీలో కూర్చోబెట్టదు. ముస్సోరీలో చదివించి, ఏడాదిపాటు ఒక జిల్లాలో పెద్దల వెంట తిప్పి పని నేర్పుతుంది. మరి అయిదువేల ఎకరాలకు ఒక్కరుగా వచ్చే వ్యవసాయ విస్తరణ అధికారికి ఎవరు నేర్పుతారు? రైతు బిడ్డను గనుక నాకు ఈ రెండో ప్రశ్నే పెద్దదిగా తోస్తుంది.

ఉదాహరణకు వరిలో ఉల్లికోడు తీసుకుందాం. పిల్లపురుగు పిలక లోపల మొవ్వు దగ్గర చేరితే ఆకు తొడుగు ఉల్లికాడలాంటి గొట్టమై బయటికొస్తుంది. గొట్టం కనబడిన పిలక ఇక కంకి వెయ్యదు. అప్పుడు దానికి మందు కొట్టడమంటే పైసలు నీళ్లల్ల పోసినట్టే. పుస్తకంలో ఇది నాలుగు పంక్తులు. కాని గొట్టాలు రాకముందే ఏ మడిలో పిలక చీల్చి చూడాలో, అనుభవమున్న వారితో గట్టు మీద నడిస్తేనే తెలుస్తుంది. మా ఊరికి కొత్తగా వచ్చిన మేడం నాకంటే నాలుగేండ్లే పెద్ద. "మేడం, ఇది మందుకు లొంగుతదా?" అని నాన్న అడిగితే పాపం ఫొటో తీసి పైకి పంపారు. జవాబు నాలుగోనాడు వచ్చింది. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానమేమో ఉల్లికోడును తట్టుకునే 'జగిత్యాల సన్నాలు' వంటి రకాలనే తయారుచేసింది! విద్య అంత దగ్గరుండి కూడా దారి లేదు.

పూర్వం దారి ఒకటుండేది. డేనియల్ బెనోర్ అనే ఇజ్రాయెల్ నిపుణుడు రూపొందించిన 'శిక్షణ-సందర్శన' విధానం ప్రపంచ బ్యాంకు సాయంతో 1970లలో మన దేశానికి వచ్చింది. పదిహేను రోజులకోసారి గ్రామ ఉద్యోగికి శిక్షణ, మిగతా రోజుల్లో చెప్పిన నాటికి చెప్పిన రైతు దగ్గరికి పోవడం. ఖర్చు ఎక్కువనీ, అందరికీ ఒకటే సలహా అనీ వచ్చిన విమర్శలు నిజమే. అయినా రైతు ప్రశ్న పైకిపోయి జవాబుతో తిరిగి రావడానికి ఒక తేదీ ఉండేది. నాకు నచ్చింది ఆ తేదీయే.

2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి పాఠాలు ఫోనులోనే దొరుకుతాయి. చట్టం, ఫైలు, లెక్కలు అట్లా నేర్చుకోవచ్చు, పిలక చీల్చడం కాదు.

జగిత్యాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరం పల్లెలో ఉండి రైతు వెంట తిరుగుతారు. కోరుట్ల పశువైద్య విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఉంది. చదువులో దొరికిన ఆ తోడు కొలువులోనూ ఒక వానాకాలం, ఒక యాసంగి కొనసాగాలి. వారానికి ఒక దినం సీనియరుతో పొలానికి పోవాలి, అది ఆయనకూ డ్యూటీగా లెక్కించాలి. ముఖ్యంగా ఆ సీనియరు, కొత్తవారి పనితీరుపై రిపోర్టు రాసే అధికారి కాకూడదు. రిపోర్టు రాసే చెయ్యి ముందర "నాకు తెల్వదు సార్" అని ఎవరంటారు? కాగితాల పని ఎక్కువైందంటారు, నిజమే. 2018లో వచ్చిన రైతుబీమాలో అయిదు లక్షలు పది రోజుల్లో కుటుంబానికి చేరాలంటే ఆ కాగితాలూ కావాలి. అందుకే ఆ ఒక్క దినం కాగితాలకు సెలవియ్యాలి.

పక్క క్లస్టరులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సారు ఒకాయన ఉన్నారు. ఏ ఊళ్లో ఏ ఏడు ఏ పురుగు పడ్డదో ఆయన డైరీలో ఉంటుంది. పోయేనాడు రిజిస్టర్లు, తాళంచెవులు అప్పగిస్తారు. డైరీ మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదట.