మిడత ఏదో తేల్చాకే మందు మాట

నాగల్‌గిద్దలో వ్యవసాయ విస్తరణ అధికారి(ఏఈఓ)గా కొత్తగా చేరినవాళ్లకు వానలు పడగానే వచ్చే ఫోన్ ఒకటుంది: "సార్, చేనంత మిడతలే, ఏం మందు కొట్టాలె?" మందు పేరు చెప్పేస్తే ఆ పూటకు తేలిగ్గా పోతుంది. చెప్పకండి. చేలో ఉందా, గట్టు మీదుందా, ఏ ఆకు తింటోందో అడగండి.

2020 వేసవిలో ఎడారి మిడతల దండు విదర్భ దాకా వచ్చిందని అందరూ బెంబేలెత్తుతుండగా, అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్లకు మిడతలు గుంపుగా పట్టాయి. జనం హడలిపోయారు. తీరా చూస్తే అవి పసుపు, నీలి చారల జిల్లేడు మిడతలు. వాటి ముఖ్యమైన తిండి జిల్లేడే. ఏ చెట్టు మీదున్నాయన్నదే సగం జవాబు. వీటి పిల్లను పట్టుకుంటే ద్రవం చిమ్ముతుంది, కళ్లు జాగ్రత్త.

నల్లరేగడి జొన్నచేలో చిక్కు వేరు. దక్కన్ మిడతకు ఎదిగాక కూడా ఎగిరే రెక్కలు రావు. కొత్తవాళ్లు దాన్ని చూసి 'పిల్ల దశ' అని రాసేస్తారు. మైసూరు సంస్థానంలో దీన్ని అధ్యయనం చేసిన లెస్లీ కోల్‌మన్ పేరు మీదే 1910లో దీనికి 'కోల్‌మానియా' అని పేరుపెట్టారు. ఏడాదికి ఒకటే తరం. చలికాలం వచ్చేలోపు మట్టిలో గుడ్లు పెడుతుంది, తొలకరికి పిల్లలు బయటికొస్తాయి. జూలైలో రెక్కల్లేనిది కనబడితే ఏమీ తేలదు, ఏ మిడత పిల్లకూ అప్పుడు రెక్కలుండవు. అక్టోబరులో జతకట్టినవాటికి కూడా రెక్కల్లేకపోతే అనుమానం దీనిమీదికే పోవాలి. వేసవి దుక్కి దున్నమనేది ఈ గుడ్లు ఎండకు, పక్షులకు బయటపడాలనే.

మట్టిరంగులో, గరుగ్గా, పెళ్లల మధ్య కదిలితే తప్ప కనబడనిది ఇంకొకటి. అది లేత మొలకలు కొరుకుతుంది.

ఏ మిడతో తేల్చడానికి చేలోకి పొద్దున్నే వెళ్లండి, చల్లదనానికి మందగించి చేతికి దొరుకుతాయి. పైనుంచి, పక్కనుంచి, తిప్పి పట్టుకుని ముందు కాళ్ల మధ్య రొమ్మునూ ఫోటో తీయండి. వెనక తొడ లోపలి రంగు మరచిపోవద్దు, ఎండితే మారిపోతుంది. పోల్చుకోవడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. నమూనాను పాలిథిన్ కవర్లో వేస్తే కుళ్లిపోతుంది, కాగితపు పొట్లంలో కట్టండి. పొట్లం మీద ఊరు, తేదీ, పంట, పక్కనున్న గడ్డి, నేల రకం పెన్సిలుతో రాయండి. జహీరాబాద్ కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) గానీ, జొన్న పురుగైతే రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థకు గానీ పంపొచ్చు.