వలయ చిత్రములో చుక్క

ప్రయోగశాల పుస్తకములో వలయ చిత్రములు గీయు విద్యార్థులు ఒక చుక్క కథ వినవలెను. ఉయ్యూరులో ఒక రేడియో మరమ్మతు దుకాణమునకు నేనొకప్పుడు ఆంప్లిఫయరు చిత్రము నకలు వ్రాసి ఇచ్చితిని. కలెక్టరు నిరోధకము 4.7 కిలో ఓములు. నకలులో చుక్క చెరిగి 47 అయినది. ట్రాన్సిస్టరు సంతృప్త స్థితిలో చిక్కుకొని పాట ముద్దగా వినబడెను. దోషము కనుగొనుటకు రెండు దినములు పట్టినది, దుకాణదారునికి నా ముఖము చూపలేకపోయితిని. నాటినుండి 4కె7 అనియే వ్రాయుచున్నాను. దశాంశ బిందువు స్థానమున అక్షరముంచు ఈ పద్ధతి ఐ.ఇ.సి. 60062 అను అంతర్జాతీయ ప్రమాణములోనిదే.

తీగల కలయికకును ఇదే చిక్కు. కలిసిన చోట నిండు చుక్క ఉంచవలెను, దాటిపోవు చోట ఉంచరాదు. అయితే నాలుగు తీగలను ఒకే చుక్క వద్ద కలిపినచో, అది చెరిగిననాడు కలయిక కాస్తా దాటుగా కనబడును. అందుచేత ఒక తీగను కొంచెము పక్కకు జరిపి రెండు 'టి' ఆకారములుగా గీయవలెను. అప్పుడు చుక్క పోయినను అర్థము చెడదు.

ధన వోల్టేజి పైన, భూమి క్రింద ఉండుట వాడుక. సంకేతము ఎడమనుండి కుడికి సాగును. కుడినుండి వ్రాయు మన ఉర్దూ సోదరులు దీనిని ప్రత్యేకముగా గమనింతురుగాక.