కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు

(పై తరగతుల పిల్లలూ, అమ్మానాన్నలూ కలిసి చదువుకోవలసిన పాఠం)

పిల్లలూ! మీ ఇంట్లో బీరువాలోనో, బల్ల సొరుగులోనో అరచేతిలో ఇమిడే ఒక నల్లని పెట్టె ఉందేమో చూడండి. పక్కనే చిన్న తీగ కూడా ఉంటుంది. పెద్దవాళ్ళు దాన్ని హార్డ్ డ్రైవ్ అంటారు. మీ అన్నప్రాశన, అక్షరాభ్యాసం, ఇండియా వెళ్ళినప్పుడు తీసిన వీడియోలు చాలామంది ఇళ్ళల్లో అందులోనే ఉంటాయి. దాన్ని కంప్యూటర్‌కు తగిలించినా కంప్యూటర్ గుర్తుపట్టకపోతే ఏం చేయాలి? ఈ పాఠం దాని గురించే.

మా ఇంట్లో జరిగింది ముందు చెబుతాను. 2011 వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ పెరట్లో నులకమంచం మీద కూర్చుని కథలు చెబుతుంటే మా తమ్ముడు వీడియో తీశాడు. మూడు గంటల పైచిలుకు. తర్వాత రెండేళ్ళకు అమ్మమ్మ పోయింది. తమ్ముడు ఆ వీడియోలన్నీ ఒక డ్రైవ్‌లో పెట్టి నాకిచ్చాడు. నేను దాన్ని భద్రంగా సొరుగులో పెట్టాను. పెట్టి మరిచిపోయాను.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం మా అమ్మాయి తెలుగు బడిలో చెప్పడానికి కథ కావాలంది. డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు తగిలించాం. అమ్మమ్మ కనబడలేదు. తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?’ మా అమ్మాయి వేలు మౌస్ మీదే ఉంది. “అవును అని నొక్కనా నాన్నా?” అంది.

“ఆగమ్మా!” అన్నాను. ఆ ఒక్క మాటే మమ్మల్ని కాపాడింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏముందో తెలియాలి.

పెట్టె లోపల

హార్డ్ డ్రైవ్‌లో అద్దంలా మెరిసే గుండ్రని పళ్ళేలు ఉంటాయి. వాటి మీద సన్నని అయస్కాంతపు పూత ఉంటుంది. మన ఫోటోలు, పాటలు అన్నీ ఆ పూత మీద అయస్కాంతపు గుర్తులుగా ఉంటాయి. ఇళ్ళల్లో వాడే చిన్న డ్రైవ్‌లలో ఎక్కువ వాటిలో ఈ పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు. చదివే ముల్లు పళ్ళేన్ని తాకదు, దాని మీద తేలుతూ ఉంటుంది. ఆ సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే తిరుగుతున్న డ్రైవ్‌ను కింద పడేయకూడదు.

1956లో ఐబీఎం కంపెనీ తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అంతా కలిపి సుమారు 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇవాళ ఫోనుతో తీసే ఒక మంచి ఫోటోకి అది చాలీచాలని చోటు.

ఇక అసలు సంగతి. పుస్తకం మొదట్లో విషయసూచిక ఉంటుంది కదా, ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పేది? డ్రైవ్‌లోనూ అలాంటి సూచిక ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ముందు దాన్నే చదువుతుంది. ఆ సూచిక చిరిగిపోయినా, చదవడం రాకపోయినా ‘ఇందులో ఏమీ లేదు’ అన్నట్టు మాట్లాడుతుంది. పేజీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఫార్మాట్ చేయడమంటే పాత సూచిక తీసేసి ఖాళీ సూచిక అంటించడం. ఆ తర్వాత కొత్తగా ఏది రాసినా పాత పేజీల మీదే పడుతుంది. అలా పడిన చోట ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

కాబట్టి మొదటి సూత్రం: డ్రైవ్ కనబడనప్పుడు దాని మీద ఏమీ రాయకూడదు. ఫార్మాట్ అన్నా, ఇనిషియలైజ్ అన్నా, ముందు ‘వద్దు’ అనే నొక్కాలి.

వెతికే వరస

వైద్యుడు ముందు నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు. వస్తూనే కత్తి పట్టుకోడు. మనమూ బయటినుంచి లోపలికి వెళ్ళాలి.

1. తీగ, కన్నం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చాలాసార్లు తప్పు తీగలోనే ఉంటుంది. వేరే తీగ పెట్టి చూడండి. కొన్ని తీగలు ఫోను చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి, వాటిలో సమాచారం వెళ్ళే దారి ఉండదు. ఒక కన్నంలో పని చేయకపోతే ఇంకో కన్నంలో పెట్టండి. మధ్యలో నాలుగు కన్నాల హబ్ ఉంటే దాన్ని తీసేసి నేరుగా తగిలించండి. బల్ల మీది పెద్ద కంప్యూటర్ అయితే వెనకవైపు కన్నాలు వాడండి.

2. కరెంటు. చిన్న డ్రైవ్‌లు కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటాయి. పాత యూఎస్‌బీ 2.0 కన్నం 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 కన్నం 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలవు. చాలకపోతే దీపం వెలుగుతుంది గాని పళ్ళెం సరిగా తిరగదు. పెద్ద డ్రైవ్‌లకు గోడకు పెట్టుకునే అడాప్టర్ వేరే ఉంటుంది. పిన్ను సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న ఇంకేదో అడాప్టర్ పెట్టవద్దు. వోల్టేజి తేడా వస్తే లోపలి పలక కాలిపోతుంది. ఇండియాకు తీసుకువెళితే అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉందో లేదో చూడండి. ఇక్కడ అమెరికాలో గోడ కరెంటు 120 వోల్టులు, అక్కడ 230.

3. ఇంకో కంప్యూటర్. ముందు మీ కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. అప్పటికీ కనబడకపోతే స్నేహితుల కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడ కనిపిస్తే డ్రైవ్ బాగానే ఉన్నట్టు. రోగం మన కంప్యూటర్‌ది.

4. లోపలి పట్టిక. విండోస్‌లో విండోస్ మీటనూ ఎక్స్ అక్షరాన్నీ కలిపి నొక్కితే వచ్చే వరసలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ ఉంటుంది. మ్యాక్‌లో అయితే ‘డిస్క్ యుటిలిటీ’. కంప్యూటర్‌కు తగిలించిన డిస్కులన్నీ అందులో కనబడతాయి. అక్కడ నాలుగు రకాలుగా ఉండవచ్చు.

(అ) డ్రైవ్ ఉంది, కానీ దానికి అక్షరం లేదు. సీ, డీ, ఈ అని కంప్యూటర్ పెట్టే అక్షరం అన్నమాట. మన డ్రైవ్ విండోస్‌ కోసం తయారైనదే అయితే, కుడి మీట నొక్కి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’ ద్వారా ఒక అక్షరం ఇస్తే చాలు. తలుపుకు నంబరు తగిలించినట్టే, లోపల ఏదీ చెరగదు.

(ఆ) ‘రా’ అని చూపిస్తోంది. అంటే సూచిక చదవలేకపోయిందని అర్థం. 5, 6 అడుగులు చూడండి.

(ఇ) ‘నాట్ ఇనిషియలైజ్డ్’ లేదా ‘అన్‌అలకేటెడ్’ అంటోంది. ఇవాళే కొన్న కొత్త డ్రైవ్ అయితే భయం లేదు, సిద్ధం చేసుకోవచ్చు. పాత ఫోటోలున్నదైతే అక్కడే ఆగిపోండి.

(ఈ) ఆ పట్టికలోనే లేదు. తీగ, కరెంటు, వేరే కంప్యూటర్ అన్నీ చూశాక కూడా లేకపోతే, పెట్టెలోని పలక గాని, డిస్కు గాని చెడినట్టు. పెట్టె విప్పి డిస్కు బయటికి తీస్తే చదవవచ్చని కొందరు చెబుతారు. అన్నిటికీ అది కుదరదు. కొన్ని పెట్టెల పలకలే సమాచారాన్ని తాళం వేసి రాస్తాయి. ఆ పలక లేకుండా డిస్కు చదవలేం.

5. లిపి తేడా. తెలుగు రానివాడి చేతికి తెలుగు ఉత్తరం ఇచ్చామనుకోండి. అతను చదవలేడు. అంతమాత్రాన కాగితం ఖాళీ అయిపోతుందా? డ్రైవ్‌లూ అంతే. విండోస్ సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో రాస్తుంది. మ్యాక్ ఇప్పుడు ఏపీఎఫ్‌ఎస్‌లో, పాతవైతే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో రాస్తుంది. విండోస్‌వి మ్యాక్ చదువుతుంది గాని మామూలుగా వాటి మీద రాయలేదు. మ్యాక్‌వి విండోస్ తనంతట తాను చదవలేదు. ‘ఈ గీతలేవో నాకు అర్థం కావడం లేదు, చెరిపేసి తెల్లకాగితం చేయనా?’ అన్నట్టు కొన్నిసార్లు ఫార్మాట్ అడుగుతుంది.

మా ఇంట్లో జరిగింది ఇదే. మా తమ్ముడు వాడేది మ్యాక్ అని నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. పక్కవీధి స్నేహితుడి మ్యాక్‌కు తగిలిస్తే మా అమ్మమ్మ మంచం మీద కూర్చుని “అనగనగా” అంది. మా అమ్మాయి ఆమెను ఎన్నడూ చూడలేదు. మేం ఇంటికి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. రెండు రకాల కంప్యూటర్లూ చదివి, రాసే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. ఇంకొకరికి ఇవ్వడానికి కొనే కొత్త డ్రైవ్‌ను అందులో సిద్ధం చేయడం మంచిది.

6. సూచిక చెడితే. లిపి తేడా కాదని తేలి, డ్రైవ్ నిశ్శబ్దంగా తిరుగుతూ ఉంటే, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. ఫోటోరెక్ సూచిక లేకుండానే పేజీలను ఒక్కొక్కటిగా వెతుకుతుంది. కాకపోతే ఫైళ్ళ పాత పేర్లు చాలావరకు దొరకవు. దొరికినవాటిని అదే డ్రైవ్‌లో పెట్టకూడదు, వేరే డ్రైవ్‌లో పెట్టాలి. విండోస్‌లో ‘చెక్‌డిస్క్’ అనే మరమ్మతు ఉంది. అది సూచికను సరిదిద్దే క్రమంలో డ్రైవ్ మీద రాస్తుంది. కాబట్టి ముందు కాపీ, తర్వాతే మరమ్మతు.

టక్ టక్ అంటే

చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా గాలి తిరిగినట్టు ఉంటే మంచిదే. గడియారంలా టక్ టక్ అంటున్నా, గీరినట్టు శబ్దం వస్తున్నా వెంటనే తీగ తీసేయండి. లోపల ముల్లు దెబ్బతిని ఉండవచ్చు. తిరిగే ప్రతి చుట్టూ పూతను ఇంకా గీసేయవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టమని, తట్టి చూడమని సలహాలు వస్తాయి. వినకండి. చలికి లోపల తేమ చేరుతుంది. ఇంట్లో మూత తీస్తే ఒక్క దుమ్ముకణం చాలు. ఈ పనికి ప్రత్యేకమైన ప్రయోగశాలలు ఉంటాయి. దుమ్ము లేని గదిలో విప్పి చూస్తారు. ఖర్చు వందల డాలర్లు, ఒక్కోసారి వేలు కూడా అవుతుంది. డ్రైవ్‌కు వారంటీ ఉందని సంతోషించకండి. వారంటీ కింద వచ్చేది కొత్త డ్రైవ్. అందులో అమ్మమ్మ ఉండదు.

చేతులు కాలకముందే

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. తెలిసినవాళ్ళు మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క చెబుతారు. ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. బయటిది ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు కావచ్చు, వేరే ఊళ్ళో ఉన్న పిన్నిగారి ఇల్లూ కావచ్చు. ఒకే ఒక్క డ్రైవ్‌లో ఉన్నది దాచుకున్నట్టు కాదు, దైవాధీనంగా వదిలేసినట్టు.

డ్రైవ్ తీసేటప్పుడు ‘ఎజెక్ట్’ నొక్కి తీయండి. రాస్తున్నవాడి చేతిలోంచి కాగితం లాగేయకూడదు కదా. విమానంలో వెళ్ళేటప్పుడు పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి. ఇంకొక మాట. దసరాకు ఆయుధపూజ నాడు కారుకూ, కంప్యూటర్‌కూ బొట్టు పెడతాం. ఆ రోజే సొరుగులోని డ్రైవ్‌ను కూడా తీసి తగిలించి, నాలుగు ఫోటోలు తెరిచి చూడండి. ఏడాదికొకసారి పలకరిస్తే దాని ఆరోగ్యం ముందే తెలుస్తుంది.

కొత్త మాటలు

విషయసూచిక: ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక
నకలు: ఒకదాన్ని చూసి చేసిన రెండో ప్రతి, కాపీ
పూత: పైన పలుచగా పూసిన పొర
పైచిలుకు: అంతకంటే కొంచెం ఎక్కువ
దైవాధీనం: మన చేతిలో లేనిది

అభ్యాసం

1. కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయనా?’ అని అడిగితే మీరు ఏం నొక్కుతారు? ఎందుకు?
2. ‘చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు’ అన్న సామెతను మీ ఇంట్లో జరిగిన ఒక సంగతితో చెప్పండి.
3. తెలుగు రానివాడికి తెలుగు ఉత్తరం అన్న పోలికను మీ సొంత మాటల్లో రాయండి.
4. ఈ ఆదివారం మీ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోను చేసి ఒక కథ చెప్పమని అడగండి. రికార్డు చేసి, దానికి రెండు నకళ్ళు తీసి, ఒకటి ఇంటి బయట పెట్టండి. ఆ కథను వచ్చే వారం బడిలో చెప్పండి.