రెండు నదుల నడుమ పల్లం

అట్లాసులో కృష్ణా, గోదావరి డెల్టాలను పక్కపక్కన చూడండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది; వసిష్ఠ నుంచి వైనతేయ వేరుపడుతుంది. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను చుట్టుకుంటుంది. ఇదంతా మీకు తెలిసిందే. అసలు వింత ఈ రెండింటి మధ్యనున్న కొల్లేరు!

వరద ఒడ్డు పొర్లగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ఒడ్డునే దిగిపోతుంది. సన్నని బంకమన్ను దూరం పోయి పేరుకుంటుంది. (గాజుగ్లాసులో మట్టి, నీళ్లు కలిపి కదపకుండా ఉంచండి. ఇసుకే ముందు అడుగుకు చేరుతుంది.) ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఒడ్డు మెరక అవుతుంది, దూరపు నేల పల్లంగా మిగులుతుంది. రెండు నదుల ఒడ్ల నుంచి వాలిన నేలలు కలిసేచోటే కొల్లేరు.

బుడమేరు విజయవాడలో కృష్ణకు అంత దగ్గరగా వచ్చి కూడా అందులో కలవదు. నేల వాలు కొల్లేటి వైపు కాబట్టి అటే పోతుంది. దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువ మనుషులు తవ్వినది. 2024 సెప్టెంబరులో కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడే బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉంది. కొల్లేటి నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు.

మీ ఊళ్లో పాత ఇళ్లు మెరక మీదున్నాయా, పల్లంలోనా? కొత్తవి ఎక్కడ కడుతున్నారు? చూసి రండి.