బూటు తీస్తే పాదం లేదు!

త్రీడీ బొమ్మకు బూట్లు తీసి చెప్పులు తొడగడం ఎంత పని? డిలీట్ కొట్టి కొత్తవి పెట్టడమే కదా అనిపిస్తుంది. కానీ చెప్పు అంటే కాలికి వేసిన కవరు కాదు. బొమ్మ ఎత్తు, నిలబడే తీరు, నడక అన్నీ దానితో ముడిపడి ఉంటయి. బ్లెండర్‌లో ఈ మార్పు ఎట్ల చేయాలో ఒక్కో మెట్టూ చెప్తాను. ఉదాహరణ మా ఊరిదే.

మాది నిర్మల్ జిల్లా భైంసా. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉన్న ఊరు, నల్లరేగడి నేల, పత్తి మార్కెట్. సెమిస్టర్ ప్రాజెక్టుకు మా టీం రెండు నిమిషాల యానిమేషన్ అనుకున్నది. పత్తి అమ్మడానికి వచ్చిన ఒక ముసలి రైతు మార్కెట్ యార్డులో అటూ ఇటూ నడుస్తూ రేటు కోసం ఎదురుచూస్తాడు, అంతే కథ. ధోతి, రుమాలు, కాళ్ళకు తోలు చెప్పులు. ఉచితంగా దొరికే మోడళ్ళలో ఒక మనిషిని తీసుకున్నం. ముఖం, బట్టలు మార్చుకున్నం. కాళ్ళకు మాత్రం స్పోర్ట్స్ షూ ఉన్నయి. అవి తీసేస్తే కాలు చీలమండ దగ్గరే ఆగిపోయింది. కింద ఖాళీ!

మోడల్ చేసినవాళ్ళు మరిచిపోయి అట్ల వదిలేయలేదు. బూటు లోపల ఎవరికీ కనిపించని పాదానికి వందల ఫేస్‌లు ఖర్చు పెట్టడం దండుగ. పైగా నడిచేటప్పుడు లోపలి చర్మం బూటును చీల్చుకుని బయటికి పొడుచుకొస్తుంది. అందుకే చాలా మోడళ్ళలో పాదమే ఉండదు.

మొదటి మెట్టు: ఏ రకం మోడలో చూసుకోవడం. ఎడిట్ మోడ్‌లోకి వెళ్ళి, మౌస్‌ను బూటు మీద ఉంచి ఎల్ కీ నొక్కండి. బూటు ఒక్కటే సెలెక్ట్ అయితే అది విడి ముక్క. పీ కీతో వేరు చేసి దాచిపెట్టండి, కొలతలకు పనికొస్తుంది. కాలు కూడా కలిసి సెలెక్ట్ అయితే రెండూ ఒకే మెష్, కోయాల్సిందే. మేక్‌హ్యూమన్‌లో చేసిన బొమ్మ అయితే ఇంత శ్రమ లేదు. అందులో శరీరం ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది. బూటు తొడిగినప్పుడు పాదాన్ని దాస్తుంది, తీస్తే మళ్ళీ చూపిస్తుంది.

రెండో మెట్టు: పాదం అతకడం. మేక్‌హ్యూమన్ నుంచి వచ్చే శరీరాన్ని ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. అందులోంచి పాదం కోసి తెచ్చుకోండి. నిర్మల్ కొయ్యబొమ్మల కళాకారులు ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకు కనబడకుండా చేస్తరు. మనం చేసేదీ అదే పని. కాలి చివర ఉన్న వర్టెక్స్‌ల వలయంలో 16 ఉంటే పాదం పైవలయంలోనూ 16 ఉండేట్టు చూసుకుని, బ్రిడ్జ్ ఎడ్జ్ లూప్స్‌తో కలపండి. ప్యాంటు వేసిన బొమ్మకైతే అతుకు అంచు కింద దాగిపోతుంది. ధోతి కట్టిన మనిషికి పిక్క దాకా కనిపిస్తుంది కాబట్టి చర్మం రంగు కూడా కలవాలి.

మూడో మెట్టు: చెప్పు చేయడం. ఇంట్లో ఉన్న నిజం చెప్పు తీసుకోండి. కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. నేను మా తాత చెప్పులతో అట్లనే చేసిన. బ్లెండర్‌లో మామూలుగా ఒక యూనిట్ అంటే ఒక మీటరు, అంటే సెంటీమీటరు మందం అడుగుకు 0.01 సరిపోతుంది. గీసిన ఆకారాన్ని ఒక ఫేస్‌గా చేసి సాలిడిఫై మాడిఫయర్‌తో మందం ఇవ్వండి. పట్టీలను గాలిలో కొత్తగా చేయకండి. పాదం మీద పట్టీ వచ్చే చోట ఫేస్‌లు సెలెక్ట్ చేసి, వాటికి నకలు తీసి వేరు చేయండి. ష్రింక్‌ర్యాప్‌లో ఒక మిల్లీమీటరు ఎడం ఇస్తే పట్టీ చర్మం మీద కూర్చుంటుంది, లోపలికి దిగదు. బొటనవేలి ఉంగరం కూడా ఇట్లనే.

మిర్రర్ మాడిఫయర్‌తో రెండో చెప్పు క్షణంలో వస్తుంది. కానీ దాన్ని అప్లై చేసినాక రెండింటినీ జర వేరు చేయండి. ఏండ్లకొద్దీ తొడిగిన చెప్పులు రెండూ ఒకే తీరుగ అరగవు. మా తాత చెప్పుల్లో కుడిదాని మడమ బయటి అంచు ఎక్కువ అరిగింది. ఆ వాలు ఒక్కటి పెట్టగానే మా రైతు చెప్పులు షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు కాకుండా తొడిగి తొడిగి అరిగినట్టు కనిపించినయి.

నాలుగో మెట్టు: ఎత్తు. మా మోడల్ షూ అడుగు మడమ దగ్గర 3 సెంటీమీటర్ల మందం. చెప్పు అడుగు ఒక్కటే సెంటీమీటరు. అంటే చెప్పు తొడిగిన మనిషి నేలకు 2 సెంటీమీటర్ల పైన గాలిలో నిలబడి ఉంటాడు. చూసేవాళ్ళకు లెక్క తెలియకపోయినా, నీడ కాలిని అంటకపోతే ఏదో తేడా ఉందని పట్టేస్తరు. బొమ్మ మొత్తాన్ని ఎముకలతో సహా అంతమేర కిందికి దించాలి. షూలో మడమ వేళ్ళకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి చీలమండ వంపు కూడా సరిచూసుకోవాలి. ఇంకా ఎముకలు వేయని మోడల్ అయితే పాదం పని, చెప్పు పని ముగించినాకే వేయండి. సగం తిప్పలు తప్పుతయి.

ఐదో మెట్టు: నడక. బూటు కాలిని పట్టుకుని ఉంటుంది. చెప్పు ముందు వైపే పట్టుకుంటుంది, వెనక వదులు. నడిచేటప్పుడు మడమ లేచినా చెప్పు వెనక భాగం అంతెత్తు లేవదు, ఆ తర్వాత వచ్చి మడమకు తగులుతుంది. టపటప చప్పుడు అందుకే. పాదం వెయిట్లను డేటా ట్రాన్స్‌ఫర్‌తో చెప్పుకు యథాతథంగా ఇస్తే చెప్పు మడమకు జిగురు పెట్టి అంటించినట్టు పోతుంది. దీనికి చిన్న ఉపాయం ఉంది. చెప్పు ముందు భాగం మొత్తం వేళ్ళ ఎముకకు ఇవ్వండి. మడమ కింద ఉన్న వర్టెక్స్‌లకు పాదం ఎముక 0.6, వేళ్ళ ఎముక 0.4 ఇవ్వండి. మధ్యలో వెయిట్లు క్రమంగా మారాలి. ఇగ మడమ లేచినప్పుడు చెప్పు కొంచెం వెనకబడుతుంది, మధ్యలో సందు కనిపిస్తుంది. 0.6, 0.4 మా బొమ్మకు కుదిరిన అంకెలు. తోలు గట్టిదా మెత్తదా అన్నదాన్ని బట్టి మీరు మార్చుకోండి.

ఇంత కష్టం ఎందుకు, రైతుకు బూట్లే ఉంచితే ఏమైతది అని టీంలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా కథలో మాటలు లేవు. రేటు పలికే ముందు ఆ మనిషి నడకకూ, పలికిన తర్వాత నడకకూ తేడా చూపించాలి. ఆ తేడా అంతా చెప్పులోనే ఉంది. మొదట టపటపమని నడిచిన మనిషి చివరికి చెప్పులు ఈడ్చుకుంటూ పోతాడు. బూటుతో ఆ ఈడ్పు రాదు.

ఇంకో మాట. దొరికే మోడళ్ళలో పాదం లేదంటే, ఈ మనిషి బూట్లు విప్పడని ఎవరో ముందే అనుకున్నరన్నట్టు. మన ఊర్లల్ల మనిషి గుడి ముందట విప్పుతాడు, గడప ముందట విప్పుతాడు, చేనులో దిగేముందు విప్పుతాడు. మన కథలు చెప్పాలంటే పాదాలు మనమే చేసుకోవాలి. చేసినవి దాచుకోకుండా పంచాలి కూడా. బ్లెండర్ మనకు ఉచితంగా దొరుకుతున్నదంటే, 2002లో వాడేవాళ్ళే లక్ష యూరోల చందాలు పోగుచేసి దాన్ని అందరికీ తెరిపించారు కాబట్టే. మా రైతు పాదాల జత, చెప్పుల జత క్లబ్ డ్రైవ్‌లో పెడుతున్నం. ఏ షరతులూ లేవు, వాడుకోండి.

అభ్యాసం: మీ ఇంటి గడప ముందున్న చెప్పుల్లో ఒక జత ఎంచుకోండి. ఏ వైపు అరిగిందో ముందు చూసి, తర్వాత మోడల్ చేయండి. చేసింది అదే డ్రైవ్‌లో పెట్టండి. వచ్చే ఏడు జూనియర్లకు వెతుకులాట తప్పుతుంది.