కంటికి కానరాని కిరణము: పనివారి రక్షణలో పంచాయితీల పాత్ర

నల్లజర్ల మెట్ట ప్రాంతములోని కూడలి గ్రామము. ఇట్టి కూడళ్లలో ట్రాక్టరు తొట్లకు అతుకులు వేయు షెడ్లు, గేట్లు, కిటికీ చట్రములు చేయు షెడ్లు సామాన్యము. చేతితో పట్టుకొని పనిచేయు లేజర్ వెల్డింగు యంత్రములు ఇటీవలి సంవత్సరములలో చిన్న షెడ్లకు కూడ అందుబాటులోనికి వచ్చినవి. పని త్వరగాను, నున్నగాను జరుగును. అయితే యంత్రమును తెచ్చుటకు ముందే దాని గుణమును తెలిసికొనవలెను.

లేజర్ అనగా నేమి?

దీపపు వెలుగు నలుదిక్కులకు వ్యాపించును. లేజర్ కిరణము చెదరక ఒకే త్రోవను పోవును. 1960లో అమెరికాలో మైమన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట సాధించెను. వరిచేను చదును చేయునపుడు ముక్కాలి స్టాండుపై తిరుగు కిరణము కూడ లేజరే. దాని శక్తి సాధారణముగా కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. ఇనుము అతుకు యంత్రముది వేయి వాట్లు, ఆపైన. ఒక మిల్లీవాటుకు వేయి వాట్లు పది లక్షల రెట్లు! కావున పేరొకటే యని రెండింటిని ఒకే తీరుగ చూడరాదు. యంత్రముపై ముద్రించిన తరగతి సంఖ్యను చూడుడు. 1వ తరగతి మామూలు వాడుకలో నిరపాయకరము. 4వ తరగతి అన్నిటికంటె ప్రమాదకరము. వెల్డింగు లేజర్ ఈ 4వ తరగతికి చెందినది.

అపాయ మెట్లు కలుగును?

భూతద్దము ఎండను ఒకచోట చేర్చి కాగితమును కాల్చును. మన కన్నును అట్లే కిరణమును లోపలి రెటీనా పొరపై ఒక బిందువుగా చేర్చును. ఈ యంత్రముల కిరణము కంటికి కనబడదు గనుక, రెప్ప మూసికొనుటకైన అవకాశము లేదు. మెరుగు రేకుపై తగిలి ప్రక్కకు మరలిన కిరణమైనను చాలును.

ఆర్కు వెలుగు తగిలినవానికి ఆ రాత్రి కంటిలో ఇసుక పోసినట్లుండును. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. రెటీనా కాలినపుడు నొప్పి తెలియకపోవచ్చును, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును. నొప్పి లేదు గనుక అపాయము లేదనుకొనుట పెద్ద పొరపాటు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోని 35వ సెక్షను పనివారి కన్నులకు తెరలు, కళ్లద్దములు ఏర్పరుపవలెనని చెప్పినది. కాని ఇద్దరు ముగ్గురు పనిచేయు షెడ్లు చాలవరకు ఆ చట్టము పరిధిలోనికి రాలేదు. అట్టి షెడ్డును అనుదినము చూచునది పంచాయితీయే.

సభ్యులు విచారింపవలసినవి

1. పని జరుగు చోట నాలుగువైపుల ఇనుప రేకు తెరలు గలవా? షెడ్డు బాటవైపు తెరచియుండరాదు. బడిపిల్లలు నిలిచి వేడుక చూచుట అచటనే.

2. కొన ఇనుమును తాకిననే గాని కిరణము వెలువడని ఏర్పాటు పనిచేయుచున్నదా? పని త్వరకై దానిని తొలగించుట నేరముతో సమానము.

3. కళ్లద్దములు ఆ యంత్రపు తరంగదైర్ఘ్యమునకు తగినవేనా? ఆ సంఖ్య అద్దములపై ముద్రింపబడియుండవలెను. ఆర్కు వెల్డింగు నల్లద్దములు ఇందుకు చాలవు. ప్రక్కనున్న సహాయకునికిని అద్దములు కావలెను.

4. తాళపుచెవి శిక్షణ పొందినవాని వద్దనే యుండుచున్నదా?

5. పొగను పీల్చు ఫ్యాను, మంటలార్పు సాధనము గలవా? గడ్డి, కిరోసిను దూరముగా నున్నవా?

వీనిలో తెరలు, యంత్రపు ఏర్పాట్లు ముందు. కళ్లద్దములు చివరి రక్షణ మాత్రమే. అద్దములు కొని యిచ్చినంతనే యజమాని బాధ్యత తీరినదని భావింపరాదు.

ప్రమాదము జరిగినచో

చూపులో నల్లమచ్చ, మసక కనబడిన వెంటనే పని ఆపి ఏలూరు, రాజమహేంద్రవరము వంటి పట్టణములోని నేత్రవైద్యుని వద్దకు పంపవలెను. చనుబాలు, ఆకుపసరు కంటిలో పోయరాదు. ఏ యంత్రమో, దాని తరగతి ఏదో వ్రాసి వెంట పంపిన వైద్యునికి ఉపకరించును.

షెడ్డుకు అనుమతి కోరు దరఖాస్తు వచ్చిన దినముననే సభ్యులు స్వయముగా పోయి ఈ అయిదింటిని చూతురని ఆశింతుము. యంత్రము చెడిన మరొకటి కొనవచ్చును. కన్ను పోయిన పనివాని ఇంటిలో వెలుగు నిలుపుట ఎవరి తరము?