సోల్డరింగ్ స్టేషన్ కొంటున్నారా? కొటేషన్ ఇచ్చే ముందు ఇది చదవండి

(స్వయం ఉపాధి రుణంతో మొబైల్, ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు పెట్టుకునే లబ్ధిదారుల కోసం)

సబ్సిడీ పోను మిగిలిందంతా బ్యాంకు అప్పే. వాయిదాలు మీరే కట్టాలి. చాలాసార్లు బ్యాంకు డబ్బును నేరుగా డీలరు ఖాతాలో వేస్తుంది. అంటే కొటేషన్‌లో ఏ మోడల్ రాస్తే అదే మీ చేతికొస్తుంది. అందుకే ముందే ఈ ఐదు విషయాలు చూసుకోండి.

1. వేడి కంట్రోల్: 25 వాట్ల మామూలు ఐరన్ ఎంత వేడెక్కిందో తెలియదు. వేడి ఎక్కువైతే బోర్డు మీద ప్యాడ్ లేచిపోతుంది. కస్టమర్ ఫోను పాడైతే నష్టం మీదే. 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా వాడే సీసం లేని సోల్డర్‌కు సుమారు 217 డిగ్రీలు దాటాలి. టిప్ దీనికంటే బాగా ఎక్కువ వేడిలో, మామూలుగా 320–350 మధ్య ఉండాలి. కాబట్టి డిగ్రీలు సెట్ చేసుకునే స్టేషనే తీసుకోండి.

2. వాట్లు: 60కి తగ్గొద్దు. వాట్లు ఎక్కువైతే బోర్డు కాలిపోతుందని కొందరి భయం. అది నిజం కాదు. వేడిని మీరు సెట్ చేస్తారు. పెద్ద జాయింట్‌కు తగిలి టిప్ చల్లబడితే, దాన్ని త్వరగా మళ్లీ వేడెక్కించడానికే ఆ వాట్లు.

3. టిప్‌లు: టిప్ అరిగిపోయే వస్తువు. మీ ఊరి దగ్గర దొరికే రకమేదో ముందు కనుక్కోండి. 900ఎం రకం చౌక. టి12 రకంలో హీటరు టిప్‌లోనే ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది, కానీ ఖరీదెక్కువ.

4. ఎర్తింగ్: మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి. ప్లగ్ తీసేసి, చల్లారిన టిప్‌కూ పెద్ద పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెసిస్టెన్స్ ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. మీ షాపు సాకెట్‌కు కూడా ఎర్త్ ఉండాలి. లేకపోతే ఐసీలు పోతాయి, షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది.

5. హాట్ ఎయిర్: ఫోన్లలో ఐసీ మార్చాలంటే తప్పనిసరి. ఇన్వర్టర్, మిక్సీ, టీవీ పనులతో మొదలుపెడితే తర్వాత కొనుక్కోవచ్చు. ఆ డబ్బుతో మంచి మల్టీమీటర్ తీసుకోండి.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి. బిల్లులో మోడల్ నంబరు ఉందో లేదో చూడండి. యూనిట్ తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది అదే.

చివరిగా ఒక మాట. సోల్డర్‌లో సీసం ఉంటుంది. పని చేసిన చేతులతో అన్నం తినకండి, సబ్బుతో కడుక్కోండి. ఫ్లక్స్ పొగ ముఖానికి తగలకుండా ఫ్యాను పెట్టుకోండి. పిల్లల్ని టేబుల్ దగ్గరికి రానివ్వకండి.